నూట ఇరవై ఎనిమిదో టిక్కు

మా అత్తమ్మను రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎడమకు, వెల్లకిలా, కుడికి, మళ్లీ వెల్లకిలా. నాలుగు గంటలకోసారి గంజో జావో చెంచాతో పట్టాలి. ఎనిమిది గంటలకోసారి మాత్ర వేయాలి. పదహారు గంటలకోసారి చేయాల్సిన పనేమీ డాక్టరు చెప్పలేదు గానీ, దాదాపు ఆ లెక్కన నాకు ఏడుపొచ్చేది.

దవాఖాన నుంచి తెచ్చిన ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి, ఎదురుగా నిలబడి చదివి, మొదటిరోజు నవ్వాను. రెండు, నాలుగు, ఎనిమిది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ల్యాబులో చేసిన ప్రయోగం అది. ఒక చిప్పుకు టిక్కు టిక్కుమని కరెంటు దెబ్బలు ఇస్తే, అది ఒక కాలి నుంచి రెండింటికొకటి, ఇంకో కాలి నుంచి నాలుగింటికొకటి, మరోదాని నుంచి ఎనిమిదింటికొకటి బయటికి పంపుతుంది. దాన్ని క్లాక్ డివైడర్ అంటారు. నేను చదివిన చదువంతా చివరికి నా మీదే ప్రయోగం చేస్తోందనిపించింది. మా ఆయన వంటింట్లోకి తొంగి చూసి, "ఏమైందే, ఒక్కదానివే నవ్వుతానవ్?" అన్నాడు. ఏం లేదన్నాను. పక్షవాతం వచ్చిన మనిషి ముందు గదిలో ఉండగా చిప్పుల గురించి చెబితే బాగుండదు.

కాజీపేట వైపు ఒక సందులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అత్తమ్మ మంచం. లోపలి గదిలో మేమిద్దరం. మామయ్య ముందు గదిలోనే, ఇంకో మూలన నవారు మంచం మీద. ఆయన రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నెక్కొండ వైపు ఒక గేటు దగ్గర ముప్ఫై ఏళ్లకు పైగా ఉన్నాడు. ఫోను గణగణమంటే లేచి గేటు వేయాలి, బండి పోయాక తీయాలి, అదీ ఆయన పని. ఇప్పటికీ టీవీ సీరియల్లో ఫోను మోగినా కుర్చీలోంచి సగం లేస్తాడు. నెమ్మది మనిషి. కూరగాయలు తెస్తాడు, నీళ్లు పడతాడు, నా మీద ఏనాడూ గొంతు పెంచలేదు. మా ఆయన నర్సంపేటలో ఎరువుల దుకాణంలో పని చేస్తాడు. పొద్దున ఎనిమిదికి బండి తీస్తే రాత్రి అన్నానికి వస్తాడు.

కాబట్టి పగలంతా నేను, మంచంలో ఆమె, టీవీ ముందో వరండాలోనో ఆయన. నేను సందు చివరి దుకాణానికి పోయి రావడం కూడా రెండు గంటల్లో ఇమడాలి. పుట్టింటి వాళ్ల పెళ్లొకదానికి పోలేకపోయాను. పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి పోతే అక్కడ కూర్చున్న మనుషులను లెక్కపెట్టి, నా వంతు వచ్చేసరికి గంట దాటుతుందని తేలి, లేచి వచ్చేశాను. ఆ పన్ను ఇంకా నొస్తూనే ఉంది. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అంటుంటారు గానీ, పోకచెక్క పని నయం, ఒక్కసారి నొక్కితే అయిపోతుంది.

ఆ రోజుల్లోనే, అత్తమ్మకు జావ పడుతూ ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, మాడ్యులర్ సింథ్ వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అది కీబోర్డు లాంటిది కాదు, నొక్కడానికి మీటలుండవు. ఒక్కో పనికి ఒక్కో డబ్బా. ఒకటి శబ్దం పుట్టిస్తుంది, ఒకటి దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది, ఒకటి ఊరికే టిక్కు టిక్కుమంటుంది. వాటిని వైర్లతో కలుపుకోవాలి. వైరు ఒక చోటు నుంచి పీకి ఇంకో చోట పెడితే పాట మారిపోతుంది. వాయించే మనిషి పక్కన కూర్చుని చాయ్ తాగుతుంటాడు, పాట దానంతటదే నడుస్తుంటుంది. చాయ్ తాగుతూ కూర్చునే మనిషిని చూస్తేనే నాకు కళ్లు కుట్టేవి.

అసలు డబ్బాలు మనం కొనేవి కావు. కానీ వాటి కడుపులో ఉండేవి నేను ల్యాబులో కాల్చేసిన చిప్పులే. స్టేషన్ రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణానికి, ఒక పక్క మార్పుకీ ఇంకో పక్క మార్పుకీ మధ్య ఆటోలో పోయి వచ్చాను. దుకాణమాయన చీటీ చూసి, "ఏ టీవీకమ్మా ఇవి?" అన్నాడు. "పాటకు" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి పొట్లం కట్టాడు.

చిప్పులూ వైర్లూ గుచ్చే బ్రెడ్‌బోర్డు, రెండు చిప్పులు, పాత రేడియో స్పీకరు. కిటికీ అరుగు మీద నా దుకాణం పెట్టుకున్నాను. మొదట వచ్చింది పాట కాదు, పిల్లి తోక తొక్కినప్పటి చప్పుడు. మా ఆయన ఆదివారం పూట విని, "ఇంట్ల అంబులెన్స్ గిన పెట్టినవా ఏందే?" అని నవ్వాడు. రెండు వారాలకు అది దారికొచ్చింది.

దాని మర్మం చాలా చిన్నది. డివైడర్ నుంచి మూడు కాళ్లు తీసుకుని, ఒక్కోదానికి ఒక ఎర్ర దీపం పెట్టాను. రెండింటికొకటి, నాలుగింటికొకటి, ఎనిమిదింటికొకటి. ఒక్కోదానికి వేర్వేరు రెసిస్టర్ పెట్టి, మూడింటినీ ఒకే చోట కలిపి, శబ్దం పుట్టించే చిప్పుకు ఇచ్చాను. మూడూ ఆరి ఉంటే అడుగు స్వరం. మొదటిది వెలిగితే కొంచెం పైకి. రెండోది వెలిగితే ఇంకొంచెం. రెండూ కలిసి వెలిగితే ఆ పైకి. మూడు దీపాలు వెలిగీ ఆరీ ఎనిమిది రకాలుగా ఉండగలవు, కాబట్టి ఎనిమిది స్వరాలు. ఎవరూ కట్టని పాట. ఒక రెసిస్టర్ మారిస్తే ఆ ఎనిమిదీ ఇంకో పాటైపోతాయి. తాళం కూడా అక్కడి నుంచే వచ్చేది. ఎనిమిదింటికొకటి వచ్చేదాన్ని గుమ్మెత దెబ్బలాగా లోతుగా, రెండింటికొకటి వచ్చేదాన్ని గజ్జెలాగా సన్నగా మోగించాను. అత్తమ్మకు మాట పడిపోయింది గానీ చూపు బాగానే ఉంది. ఆ ఎర్ర దీపాలకేసి కళ్లార్పకుండా చూసేది.

కొన్నాళ్లు నేను సుఖంగా ఉన్నానంటే అబద్ధం కాదు. తర్వాత అదే నన్ను పీక్కుతినడం మొదలుపెట్టింది. ఏ రెసిస్టర్ మార్చినా, ఏ వైరు ఎక్కడ గుచ్చినా, ఎనిమిదో టిక్కు తర్వాత పాట మొదటికే వచ్చేది. మూడింటికొకటి వచ్చేలా ఇంకో చిప్పు కలిపాను. ఇప్పుడు మూడూ ఎనిమిదీ ఒకదాన్నొకటి తప్పించుకుంటూ ఇరవై నాలుగు టిక్కుల దాకా పోయేవి. ఇరవై టిక్కుల వరకు ఎటో కొత్త చోటికి పోతున్నామన్నట్టే ఉండేది. తర్వాత తెలిసిన గుమ్మమే. ఒకరోజు ఆ గుమ్మం రాగానే చిరాకేసి ప్లగ్గు పీకేశాను. అప్పటికి అత్తమ్మ మంచాన పడి తొమ్మిదో నెల.

అదే నెలలో నాతో చదివినామె ఫోను చేసింది. మడికొండ దాటాక ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబుకు మనిషి కావాలట. పొద్దున తొమ్మిదిన్నర నుంచి నాలుగు దాకా. ముందొక డెమో ఇవ్వాలి, నచ్చితే సోమవారం నుంచే రావాలి. నాకు ఆ ఉద్యోగం కావాలి. జీతం కోసం కాదంటే ఎవరు నమ్ముతారు, జీతం కోసం కూడా. కానీ అంతకన్నా, రోజుకు ఆరు గంటలు నేను లేకుండా ఈ ఇల్లు నడవాలి. అది నా కళ్లతో నేను చూడాలి. లేకపోతే ఈ మంచం పక్కన నేనే కొయ్యబారిపోతానని భయం పట్టుకుంది.

మా ఆయనతో చెప్పాను. "నాయన లేడా? నాయన చూసుకుంటడు తీ. నువ్వు ఫికర్ చేయకు" అన్నాడు, అన్నంలో పప్పు కలుపుతూ. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అయినా నాకు కావాల్సిన మాట అదే కాబట్టి ఎదురు మాట్లాడలేదు.

మామయ్యకు చూపు మందం. గోడ గడియారం కానరాదు, ఫోనులో అలారం పెడితే ఎక్కడ నొక్కాలో తెలియక ఫోనే ఆపేస్తాడు. కానీ బెల్లు మోగితే లేవని మనిషి కాదు. అందుకని నా డివైడర్‌నే మార్చి ఒక పెట్టెలో పెట్టాను. టిక్కును నెమ్మది చేసి నిమిషానికొకటి చేశాను. ఏడుసార్లు సగం చేస్తే నూట ఇరవై ఎనిమిదో టిక్కుకు ఒక దెబ్బ వస్తుంది. నూట ఇరవై ఎనిమిది నిమిషాలంటే రెండు గంటల మీద ఎనిమిది నిమిషాలు. నాబ్ కొంచెం తిప్పి టిక్కు యాభై ఆరు సెకన్లకు పడేలా చేశాను. రెండు గంటలకు అరనిమిషం ముందే అయిపోతుంది. ఆ దెబ్బ పడగానే నా ఎనిమిది స్వరాల పాట మూడుసార్లు మోగి ఆగిపోతుంది. ముందువైపు ఏడు ఎర్ర దీపాలు. అవి ఏవి వెలిగాయో చూస్తే ఎన్ని టిక్కులు గడిచాయో నేను చెప్పగలను. ప్లగ్గు టీవీ పక్కన పెట్టాను. ఇన్వర్టర్ బ్యాటరీ పోయి మూడు నెలలైంది, కరెంటు పోతే లెక్క మొదటికొస్తుందని తెలుసు. ఆ మాట మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

పది రోజులు రిహార్సల్ చేశాం. పాట మోగేది, మామయ్య చప్పున లేచేవాడు. ప్రతిసారీ. ఒక్కసారైనా కునుకులో ఉండిపోలేదు. అబ్బ, మనిషంటే ఈయన అనుకున్నాను. పాట లేని వేళల్లో పిలిచి, పక్క ఎలా మార్చాలో కూడా నేర్పాను. ఒక చెయ్యి భుజం కింద, ఇంకోటి తుంటి కింద, మోకాలు మడిచి తన వైపుకు తిప్పుకోవాలి, వెనక దిండు పెట్టాలి. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ, "ఎరుకైంది బిడ్డా, ఎరుకైంది" అనేవాడు. ఒకసారి నేను బలవంతంగా ఆయన చెయ్యి పట్టుకుని అత్తమ్మ భుజం మీద పెట్టాను. కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. నేను చూశాను. చూడలేదని చెప్పుకోలేను. కానీ నాకు ఉద్యోగం కావాలి కదా, చూసిన దాన్ని చూడనట్టు మడిచి పక్కన పెట్టాను.

ఒక సంగతి చెప్పాలి. మా ఇళ్లల్లో ఆడమనిషికి గుడ్డలు మార్చేటప్పుడు, ఒళ్లు తుడిచేటప్పుడు మగవాళ్లు గదిలో ఉండరు. మొగుడైనా సరే. ఎవరూ పొమ్మనరు, వాళ్లే లేచిపోతారు. అత్తమ్మను దవాఖాన నుంచి తెచ్చిన రోజు నుంచీ నేను బకెట్ పట్టుకుని ఆ మంచం దగ్గరికి వస్తే చాలు, మామయ్య వరండాలోకి పోయి రోడ్డు వైపు తిరిగి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. నేను పిలిచేదాకా తల తిప్పేవాడు కాదు. అది మర్యాద. నాకూ అదే బాగుండేది.

డెమో రోజు పది గంటలకు అత్తమ్మను కుడి పక్కకు తిప్పి, పెట్టెను నా చేత్తో సున్నా దగ్గర నుంచి మొదలుపెట్టి, చీర కట్టుకుని బయల్దేరాను. పన్నెండుకు మోగుతుంది, రెండుకు మోగుతుంది, నాలుగు లోపు నేను వచ్చేస్తాను. ఆటోలో కూర్చున్నాక కూడా లోపల లెక్క నడుస్తూనే ఉంది. కాలేజీలో ముప్ఫై మంది పిల్లల ముందు ఏం చెప్పమన్నారో తెలుసా? కౌంటర్లు. నవ్వాపుకుని బోర్డు దగ్గరికి పోయాను. వాళ్ల ల్యాబులో ఉన్న చిప్పుతోనే, అరగంటలో, నా ఎనిమిది స్వరాల పాట వినిపించాను. వెనక బెంచీలో ఫోన్లు చూసుకుంటున్న వాళ్లు కూడా తలెత్తారు. ఒకమ్మాయి, "మేడం, ఇంకో రెసిస్టర్ పెట్టి చూద్దామా?" అని లేచి వచ్చింది. పన్నెండు దాటింది కదా, ఇంట్లో ఏమైందో అన్న ఆలోచన ఆ పూట మొత్తం మీద నాకు ఒక్కసారే వచ్చింది. డిపార్టుమెంటు హెడ్డు బయటిదాకా వచ్చి, సోమవారం ఫోను చేస్తానని చెప్పి సాగనంపింది.

మూడు ముప్పావుకు ఇల్లు చేరాను. అత్తమ్మ నేను పెట్టిపోయినట్టే ఉంది. అదే కుడి పక్క. అదే దిండు. కళ్ల నుంచి నీళ్లు కారి చెవి దగ్గర ఎండిపోయాయి. పరిగెత్తి తిప్పాను. తుంటి మీద అరచేయంత మచ్చ, ఎర్రగా, మధ్యలో నల్లగా. వేలితో నొక్కితే తెల్లబడలేదు. అలా తెల్లబడకపోతే లోపల చర్మం చచ్చిపోతోందని దవాఖానలో నర్సు చెప్పి ఉంది.

"మామయ్యా, తిప్పలేదా?" అని అరిచాను. వరండాలోంచి జవాబు వచ్చింది. "కరెంట్ పోయింది బిడ్డా. మోగలే."

పెట్టె వైపు చూశాను. ఏడు దీపాల్లో ఐదోదీ ఆరోదీ వెలుగుతున్నాయి. పదహారు, ముప్ఫై రెండు. నలభై ఎనిమిది టిక్కులు. అంటే నలభై ఐదు నిమిషాల కిందట, మూడింటికి, లెక్క సున్నా నుంచి మొదలైంది. నిజమే, కరెంటు పోయి మూడింటికి వచ్చిందన్నమాట. దీపాలు అబద్ధం చెప్పవు. ఆడలేక మద్దెల ఓడు అంటారు గదా, ఆ పూట నేను నా మద్దెలే ఓడని నోటితో ఒప్పేసుకున్నాను. బ్యాటరీ పెట్టాల్సింది. పెట్టకుండా పోయాను. తప్పు నాది.

రాత్రి మా ఆయన వచ్చి మచ్చ చూసి, దుప్పటి మళ్లీ కప్పాడు. తర్వాత అన్నాడు, "మా అమ్మను ఒక డబ్బా మీద ఇడిసిపెట్టి పోయినవ్." పొద్దుటికి బొబ్బ చితికి, చర్మం లేచింది. సోమవారం కాలేజీ నుంచి ఫోను వచ్చింది. వంటింట్లో నిలబడి, రాలేనండీ, ఇంట్లో వీలుపడదు అన్నాను. "సరేనండి" అంది ఆమె. అంతే. ఎందుకని కూడా అడగలేదు. నేను స్టవ్ మీది పాలు చూసుకున్నాను.

ఆరు వారాలు ఆ పుండు కడిగాను. పొద్దునా సాయంత్రం దూది, సెలైన్, మందు, పట్టీ. కోపమొస్తే ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద చూపించాను. పెట్టెకు బ్యాటరీ కట్టాను, లెక్క పోకుండా చేశాను. ఇప్పుడు కరెంటు పోయినా అది ఆగదు. ఎందుకు చేశానో తెలియదు, ఎక్కడికీ పోయేది లేదు కదా. అది మోగేది, నేను లేచేదాన్ని, పక్క మార్చేదాన్ని. నేను కట్టిన పాటే నన్ను మెడ పట్టి లేపేది. ఒకరోజు మామయ్య నెమ్మదిగా, "అది ఇంకెందుకు బిడ్డా, జర పక్కన పెట్టరాదు" అన్నాడు. నా మీద జాలిపడుతున్నాడనుకున్నాను.

ఈలోగా అత్తమ్మకు ఒకటీ అరా మాట రావడం మొదలైంది. "నీళ్లు." "ఒద్దు." ఒక మాట అన్నాక ఇంకోటి దొరకక, దొరికినదాన్ని వదలకుండా పట్టుకునేది. ఒక మధ్యాహ్నం పట్టీ జారితే మళ్లీ వేద్దామని మందు చేతిలోకి తీసుకున్నాను. పెట్టె మోగింది. అటు మామయ్య కుర్చీలోంచి లేచి వరండాలోకి పోయాడు. అత్తమ్మ పెట్టెకేసి చూసి, "మోగింది" అంది.

"ఔ అత్తమ్మా, మోగింది. అయిపోయింది, ఇగో, ఒక్క నిమిషం" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. పనిచేసే ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది. "ఆనాడు" అంది. ఊపిరి తీసుకుంది. "ఆనాడు... మోగింది."

నాకు అర్థం కాలేదు. కాలేదని ఆమెకు కోపమొచ్చింది. నా చెయ్యి వదిలి, టీవీ పక్కనున్న ప్లగ్గు వైపు వేలు చూపించి, గాల్లో దేన్నో పట్టి లాగినట్టు లాగింది. "తీసిండు." ఎవరని అడగలేదు. ఆమె తలుపు వైపు చూస్తోంది. తలుపులోంచి వరండాలో కూర్చున్న మామయ్య వీపు కనబడుతోంది.

మొదట ఏమనిపించిందో చెబితే సిగ్గు. నా సర్క్యూట్ తప్పు కాదు అనిపించింది. ఆ సంతోషం అయిపోయాక వచ్చింది కోపం. చేతికి మందు ఉండగానే వరండాలోకి పోయాను.

"ఆనాడు మోగిందట గదా మామయ్యా."

ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "మోగింది బిడ్డా" అన్నాడు, ఎప్పుడడుగుతానా అని కాచుకున్నవాడిలా. "మోగంగనే లేసిన. లేసి ఈడికచ్చి కూసున్న. ఎప్పటిలెక్కనే. జరసేపైనంక యాదికొచ్చింది, లోపల ఎవ్వరు లేరని."

పది రోజులు రిహార్సల్ చేశాను. పాట మోగగానే లేచాడా లేదా అనే చూశాను. లేచి ఎటు పోతున్నాడో చూడలేదు. పక్క మార్చేది నేనే కాబట్టి నా ముఖం మంచం వైపు ఉండేది. ఆయన ప్రతిసారీ లేచి బయటికే పోయాడు. నా పాట ఆయనకు నేర్పింది అదొక్కటే.

"లోపలికి పోయిన. పట్టుకుందామని చెయ్యి పెట్టిన. మూలిగింది. నాకు చేతులాడలే. మల్ల మోగుతది గదా అని భయమైంది. తీసేసిన. నువ్వొచ్చే యాళ్లకు మల్ల పెట్టిన." కుర్చీ చేతిని గోటితో గీశాడు. "ఇన్నేండ్ల కాపురంల ఆమెకు జ్వరమొస్తే గూడ పక్కింటోళ్లను పిలిచిన బిడ్డా. నేను పట్టుకోలే. నాకు రాదు."

"మీరు కరెంటు మీదికి తోసిన్రు. ఆయన నా మీదికి తోసిండు. నేను నోరు మూసుకొని ఆరు వారాలు పుండు కడిగిన" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, పెద్దవాళ్లను అనకూడనివి. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు తేలికయ్యేది. సాయంత్రం కాలేజీకి ఫోను చేశాను. ఆ పోస్టులో మనిషి చేరి నెలైందన్నారు.

మర్నాడు పన్నెండుకు నేను వరండాలో బట్టలు ఆరేస్తున్నాను. ముందుగా అనుకున్నది ఏమీ లేదు. లోపల పెట్టె మోగింది. కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు, గుమ్మం వైపు. మా ఇంటికి బయటికి తలుపు అదొక్కటే. చేతిలో తడి తువ్వాలు అలాగే ఉండగా తలుపు లాగి, బయట నుంచి గొళ్లెం పెట్టేశాను.

"బిడ్డా" అన్నాడు తలుపు అవతల నుంచి. పాట రెండోసారి మొదలైంది. "బిడ్డా, తలుపు తియ్."

"నేను ఇంట్ల లేను మామయ్యా" అన్నాను.

తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. గట్టిగా కాదు. పాట మూడోసారి కూడా అయిపోయి ఆగింది. ముసలాయనను గదిలో పెట్టి గొళ్లెం వేసిన కోడలిని ఈ సందులో ఎవరైనా చూస్తే ఏమంటారో నాకు తెలుసు. తీసేద్దామని చెయ్యి గొళ్లెం దాకా పోయింది. అప్పుడు లోపల అత్తమ్మ గొంతు వినబడింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, "ఇటు... రాండ్రి" అంది.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మంచం కిర్రుమంది. ఆమె మూలిగింది. "మెల్లగ" అంది. మళ్లీ కిర్రుమంది.

గొళ్లెం తీశాను. ఆమె గోడ వైపు తిరిగి ఉంది. ఆయన ఒంటి మీద చొక్కా చెమటకు తడిసి అంటుకుపోయింది. మోకాళ్ల పైకి లేచిన ఆమె నైటీని రెండు వేళ్లతో పట్టుకుని, పాదాల దాకా లాగుతున్నాడు. నన్ను చూసి కూడా బయటికి పోలేదు. దిండు తప్పు పెట్టాడు, నడుము వెనక పెట్టాల్సింది భుజం దగ్గర పెట్టాడు. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను.

"రెండింటికి మల్ల మోగుతది" అని చెప్పి, చెప్పులేసుకుని బయటికి వచ్చాను. గేటు తీసుకుని సందు వెంట నడిచాను. సంచీ లేదు, ఫోను లేదు, చేతిలో ఇంకా ఆ తడి తువ్వాలే ఉంది. సందు చివర రోడ్డు మీద ఆటో ఒకటి నా ముందు ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏడికి పోవాలె అక్కా?" అన్నాడు.

రెండు గంటలున్నాయి. ఒక్క చోటి పేరు కూడా నా నోటికి రాలేదు.